ముందు అయ్యగారిని తిననీయండి

పీటర్స్‌బర్గ్,
1858 నవంబర్ 4

పిన్నీ,

నీ రెండు చేతులూ ముద్దు పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం చదివాక అవే చేతులతో నా చెవి మెలిపెడతావేమోనని ముందే మంచి చేసుకుంటున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచి, నాలుగు అక్షరాలు నేర్పించి, ఈ మహానగరానికి పంపినదానివి నువ్వు. అందుకని నా ఓటమి కబురు కూడా అందరికంటే ముందు నీకే చేరాలి.

నిన్న సాయంత్రం నా హాస్య నాటకం ‘పద్ధతైన మంట’ మొదటిసారి ఆడారు. అచ్చు ప్రతి నీకు పంపాను గాని నువ్వు చదివి ఉండవు, మొదటి పేజీలో నీ పేరు చూసుకుని దేవుడి పటాల వెనక దాచి ఉంటావు. కాబట్టి కథ చెబుతాను. ఒక చిన్న ఊరు. గవర్నరు తనిఖీకి వస్తున్నాడు. ఊళ్ళో మంటలార్పే దళం ఉంది గాని ఎన్నడూ మంట ఆర్పిన పాపాన పోలేదు. పెద్దలంతా కూడి ఒక ఆలోచన చేస్తారు. గవర్నరు కళ్ళ ముందు మనమే ఒక చిన్న మంట పెడదాం, బుద్ధిగా, పద్ధతిగా, చెప్పినంత మేరకే మండేలా. దాన్ని ఠక్కున ఆర్పి మెప్పు కొట్టేద్దాం అని. ఇక ఆ మంట మా ఇంటి ముందు అంటే మా ఇంటి ముందు అని కొట్లాట, గవర్నరు అక్కడే నిలబడతాడు కదా. తీరా ఆ రోజు మంట చెప్పినమాట వినదు. నీళ్ళ పీపా మూత తెరిస్తే లోపల ఉప్పులో ఊరుతున్న దోసకాయలు! పట్టణాధికారి పెళ్ళాం ఆ పీపాలో చలికాలానికి ఊరగాయ వేసుకుంది.

రాస్తున్నప్పుడు నేను కుర్చీలోంచి జారిపడి మరీ నవ్వాను. నిన్న మాత్రం ఎవరూ నవ్వలేదు. హాల్లో ఎడమ చేతివైపు, గొప్పవాళ్ళు కూర్చునే ప్రత్యేక గదిలో, ఛాతీ మీద నక్షత్ర పతకం పెట్టుకున్న ఒక మహా పెద్దాయన కూర్చున్నాడు. ఆయన పెదవి కదిలితే మనమూ నవ్వుదామని కింద వరుసల్లో ఉద్యోగస్థులంతా మెడలు అటు తిప్పుకుని కూర్చున్నారు. ఆయన పెదవి కదల్లేదు. ఆయనకి పంటి నొప్పి అని తరవాత తెలిసింది. దోసకాయలు రంగస్థలం మీద దొర్లుతుంటే పైన చవక సీట్లలో ఎవడో కిసుక్కుమన్నాడు, వెంటనే దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. హాలంతా ప్రార్థన వేళ చర్చిలా ఉంది. ఇవాళ పత్రికలో ఒకాయన “ఇలాంటి ఊరు రష్యాలో ఎక్కడా లేదు” అని తేల్చిపారేశాడు.

మొత్తానికి నాటకం కుప్పకూలింది పిన్నీ.

మూడు ఆటలకి ఒప్పుకున్నారు. మూడోదీ ఇలాగే పోతే ఇక కలం పట్టను. ఉప్పు శాఖలో ఒక గుమాస్తా కుర్చీ ఖాళీ ఉంది, జనవరి ఆఖరుకల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. చేరిపోతాను.

నీ అసమర్థుడు,
ప్లతోన్


కోజ్లోబ్రోద్,
నవంబర్ 16

నా బంగారు ప్లతోషా,

ఒళ్ళంతా సరిగ్గా ఉందా? ఎముకలన్నీ తడిమి చూసుకున్నావా? కూలింది అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఇక్కడ నా ప్రాణం ఏం కావాలిరా! పైకప్పు కూలిందా, నేల కూలిందా? ఎవరికైనా దెబ్బలు తగిలాయా? ఆ నక్షత్రం పెద్దాయన బతికే ఉన్నాడా? పంటి నొప్పి మీద ఇదొకటా పాపం! దెబ్బలకి మంచిదని ఎండు ఆకుల మూట ఒకటి పంపుతున్నాను, వేడినీళ్ళలో నానబెట్టి కట్టు కట్టుకో. సిగ్గుపడి మానేయకు.

భయపడ్డానే గాని సంతోషించలేదనుకునేవు. హాలు చర్చిలా ఉందని చదివి నా కళ్ళు చెమ్మగిల్లాయి. నాటకాలవాళ్ళంటే అల్లరి మూక అనుకునేదాన్ని. నా బిడ్డ రాసిన మాటలు జనం తలలు వంచుకుని విన్నారంటే ఇంకేం కావాలి! వెళ్ళి ఒక కొవ్వొత్తి వెలిగించి వచ్చాను.

కబురు మన చర్చి డీకన్ గారి భార్య హరితీనా ఫోమినిష్నా ఒక్కదానికే చెప్పాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పట్టణాధికారి ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు స్వయంగా మన ఇంటికొచ్చారు. టీ తాగి, మీసం తుడుచుకుని, “అగ్రఫేనా సిలీచ్నా, నేనూ మేడ కట్టించినవాణ్ణే. ఊరికే కూలవు నేలలు. జనం! జనం విరగబడి తొక్కితే కూలింది. మన ఊరి కుర్రాడు రాజధానినే కూలగొట్టాడమ్మా!” అన్నారు. ఇప్పుడు సంతకి వెళితే జనం నాకు దారి ఇస్తున్నారు.

ఉప్పు శాఖ సంగతి. ఒరేయ్, ఇంత మంచి కబురు ఉత్తరం చివర అలా ఏడుస్తూ రాస్తారా? ఆ శాఖలో కోటుకి రెండు వరుసల బొత్తాలట కదా! నాటకం చూడకపోతే ఎవడూ చావడు, ఉప్పు లేకుండా ఎవడింట్లోనూ పూట గడవదు. చేరిపో. కావాలంటే సెలవు రోజుల్లో రాసుకో.

ఇంకో మాట. శీతకాలం సంతకి నాటకాల బృందం వచ్చింది. దాని యజమాని నికనోర్ లూకిచ్, సన్నగా, కొంగలా ఉంటాడు. రాజధానిలో నేల కూల్చిన నాటకం ఏదో మాకూ ఇప్పించండి తల్లీ అని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. నిన్ను అడక్కుండా ఇవ్వనని చెప్పాను. కానీ రోజూ పొద్దున్నే వచ్చి మన కట్టెలు కొట్టిపెడుతున్నాడు. ఎన్నాళ్ళని కాదనను?

కట్టు కట్టుకోవడం మరవకు.

నీ పిన్ని


పీటర్స్‌బర్గ్,
నవంబర్ 27

పిన్నీ! ఇవ్వకు!

ముందు ఇది చదువు, తరవాతే టీ తాగు. నేల కూలలేదు. పైకప్పు కూలలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, నా మనసుకి తప్ప. నాటకం కూలిందంటే జనానికి నచ్చలేదని అర్థం. నాటకాలవాళ్ళ మాట అది, నోటికి అలవాటై రాసేశాను. చర్చిలా ఉందన్నదీ పొగడ్త కాదు. హాస్య నాటకానికి వచ్చి తలలు వంచుకుని కూర్చుంటే రాసినవాడికి ఉరితాడు చాలదు. ఎండు ఆకులు మాత్రం అందాయి. మా ఇంటి యజమానురాలు టీ అనుకుని కాచుకుని తాగింది, ఇప్పటికీ కోలుకోలేదు.

రెండో ఆట ఇంకా ఘోరం. ఆ పెద్దాయన రాలేదు. ఆయన రాకపోతే జనం స్వేచ్ఛగా నవ్వుతారని ఆశపడ్డాను. ఏముంది, అందరూ ఆయన ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నారు. నవ్వవచ్చో కూడదో ఆ కుర్చీ చెప్పదు కదా. మూడో ఆట క్రిస్మస్ తరవాత అంటున్నారు. నాకు ఆశ లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ నాటకం మన ఊళ్ళో ఆడకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ. కుమ్మరి వీధి తగలబడ్డప్పుడు పీపా తెరిస్తే ఏం బయటపడిందో నీకు గుర్తులేదా? ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారి భార్య ఆ దోసకాయలకి లబోదిబోమని ఏడ్చింది కదా! ఊరంతా చూసినదే నేను రాశాను. ఆయన రంగస్థలం మీద తన మీసం తను చూసుకున్నాక నిన్ను బతకనిస్తాడా? నీ కిటికీ అద్దాలు పగలగొట్టిస్తాడు. నిన్ను సంతలో పలకరించేవాళ్ళు ఉండరు. నేనిక్కడ క్షేమంగా కూర్చుని నీ మీదకి రాళ్ళు వేయించినవాణ్ణవుతాను.

రెండో అంకంలో ఒక వితంతువు ఉంది. క్యాబేజీ కూరిన రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని అధికారుల వెంట తిరుగుతూ ఉంటుంది. పక్కన కొట్టం మండుతుంటే “ముందు అయ్యగారిని తిననీయండి, మంట ఎక్కడికీ పోదు” అంటుంది. ఆవిడ విషయం... నువ్వు చూడకపోవడమే మంచిది పిన్నీ. ఎందుకని అడక్కు.

కట్టెలు నేను డబ్బిచ్చి కొట్టిస్తాను. ఆ కొంగని తరిమెయ్యి.

కంగారులో,
ప్లతోన్


కోజ్లోబ్రోద్,
డిసెంబర్ 8

ప్లతోషా, నా మహా రచయితా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాటకం మొన్న నికోలా పండుగ నాడు ఆడేశారు. ఇప్పుడు అరిచి లాభం లేదు, కూర్చుని చదువు.

సంతలో గోధుమల కొట్టు ఖాళీ చేసి బల్లలు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. నన్ను మొదటి వరుసలో ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారి పక్కన కూర్చోబెట్టారు, ఇటుపక్క హరితీనా. తెర లేచింది. మీసాలు పెట్టుకున్న పట్టణాధికారి లోపలికొచ్చి, గవర్నరు వస్తున్నాడని విని, మొదట బల్ల కింద దాక్కుని తరవాత తన హోదా గుర్తొచ్చి బయటికొచ్చాడు. మన ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు తొడ చరుచుకున్నారు చూడు, నా గుండె ఆగింది. అయిపోయింది, ఆపించేస్తాడు అనుకున్నాను. ఆయన నా వైపు వంగి, కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, “అచ్చం! అచ్చం వాడే! పెతుఖోవ్కా ఊరి పట్టణాధికారి! వాడి నడక, వాడి పిరికితనం! ప్లతోన్ ఎక్కడ చూశాడమ్మా వాణ్ణి?” అన్నారు.

దోసకాయలు దొర్లినప్పుడు ఆయన కుర్చీ పట్టుకోవలసి వచ్చింది. “పీపాలో దోసకాయలట! పెతుఖోవ్కాలో ఏమైనా చేస్తారు!” అని ఒకటే నవ్వు. పక్కన ఆయన భార్య కూడా శాలువా అంచు నోట్లో కుక్కుకుని, “అంత పిసినారి ఆడది ఎక్కడైనా ఉంటుందా!” అంది. మన దళం నాయకుడేమో నాటకంలోని నాయకుడు తన బావమరిదే అన్నాడు. మన వైద్యుడేమో నాటకంలోని వైద్యుడు తనకి ముందున్న పాత వైద్యుడన్నాడు. చూశావా, నువ్వు అనవసరంగా బెంగపెట్టుకున్నావు. నీ నాటకంలో మన ఊరివాళ్ళు ఒక్కరూ లేరు.

అన్నట్టు ఆ వితంతువు గురించి నువ్వు భయపడింది నాకు అర్థమైందిలే. హరితీనా ఫోమినిష్నా కదూ? అదే మొహం, అదే ముందుకు తోసుకెళ్ళడం, పెద్దవాళ్ళు కనిపిస్తే చాలు చేతిలో పళ్ళెం! నా నడుం పట్టీ తెగేంత నవ్వాను. దానికి చెప్పనులే. పాపం, పక్కనే కూర్చుని తనూ నవ్వుతోంది, తెలియక.

ఇక జరిగిన గండం విను. ఆట అయిపోగానే జనం బల్లలెక్కి “రచయిత! రచయిత!” అని అరవడం మొదలుపెట్టారు. కాళ్ళతో నేల దడదడలాడించారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రచయితని బయటికి ఈడ్చుకురమ్మంటున్నారు, కొడతారు కాబోలు అనుకున్నాను. పోలీసు జవాను కూడా అలాగే అనుకున్నాడు, టోపీ సర్దుకుని, “ఎక్కడున్నాడు ఆ రచయిత? ఎవరైనా దాచారా?” అని తెర వెనక వెతకడం మొదలుపెట్టాడు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. లేచి గబగబా రంగస్థలం ఎక్కాను. దోసకాయ మీద కాలేసి జారబోయి నిలదొక్కుకున్నాను. “అయ్యలారా, అమ్మలారా! వాడు ఇక్కడ లేడు. తల్లిలేని పిల్లాడు, నేను పెంచాను. ఏదైనా తప్పు రాసుంటే నన్ను తిట్టండి, వాణ్ణి వదిలేయండి” అని నడుం వంచి దండం పెట్టాను.

తరవాత చూడు నాయనా! చప్పట్లు, ఈలలు, టోపీలు ఎగరేయడం. నికనోర్ లూకిచ్ చెవిలో చెప్పాడు, రచయితని పిలవడమంటే మెచ్చుకోవడానికట. ముందే చెప్పి చావచ్చు కదా ఆ కొంగ! నేను నీ బదులు ఇంకో మూడు నాలుగు దండాలు పెట్టాను. చివరికి నడుం పట్టుకుంది.

ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు రేపు ఇంకో ఆట వేయిస్తున్నారు. పెతుఖోవ్కా పట్టణాధికారిని తీసుకురమ్మని మంచు మీద జారే తన సొంత స్లెడ్జి బండే పంపించారు. ముందు వరుసలో కూర్చోబెట్టి వాడికి సిగ్గు తెప్పిస్తారట.

ఎలాగూ అందరికీ నచ్చింది కాబట్టి ఇక నిశ్చింతగా ఉప్పు శాఖలో చేరు.

నీ బదులు దండాలు పెట్టిన
పిన్ని


పీటర్స్‌బర్గ్,
డిసెంబర్ 29

ప్రియమైన పిన్నీ,

నువ్వు రంగస్థలం ఎక్కిన సంగతి చదివి నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను. రెండూ ఒకేసారి జరిగాయి. నా నాటకం మొత్తంలో అంత మంచి రంగం ఒక్కటీ లేదు.

ఇక్కడి కబురు వింటే నువ్వు కొవ్వొత్తి కాదు, కట్టెల మోపు వెలిగిస్తావు. మన ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు పై అధికారులకి ఒక విన్నపం పంపారట. పెతుఖోవ్కా పట్టణపు అక్రమాలను కళ్ళకు కట్టించిన ఈ నాటకం దేశానికి ఎంతో మేలు చేస్తుందని. మన ఊళ్ళో రెండో ఆట చూసిన పెతుఖోవ్కా పట్టణాధికారి ఊరుకుంటాడా? కోజ్లోబ్రోద్ పట్టణపు అక్రమాలను ఇంత చక్కగా చూపించినందుకు ధన్యవాదాలని ఆయనా ఒక విన్నపం పంపాడు. రెండూ ఒకే రోజు ఆ నక్షత్రం పెద్దాయన బల్ల మీదకి చేరాయి. ఇద్దరు పట్టణాధికారులు మెచ్చుకున్న నాటకం చెడ్డది ఎలా అవుతుందని ఆయన నిన్నటి మూడో ఆటకి స్వయంగా వేంచేశాడు. పన్ను పీకించుకున్నాడు కూడా.

మొదటి అంకంలో నటుల కుక్క ఒకటి దారి తప్పి రంగస్థలం మీదకొచ్చి తోక ఊపింది. పెద్దాయన నవ్వాడు. అంతే, వరద! హాలు హాలంతా నవ్వింది. అప్పటి నుంచి ఆయన నవ్వితే నవ్వారు, ఆయన ముక్కు చీదుకుంటే కూడా నవ్వారు. కొట్టం తగలబడి ముసలివాడు ఏడ్చే చోట ఆయన పక్కవాడితో ఏదో జోకు చెప్పుకుని నవ్వాడు, అక్కడ అందరికంటే ఎక్కువ నవ్వారు. నన్ను పిలిచి చప్పట్లు కొట్టారు. ఇక ప్రతి వారం ఆడతారట. పత్రికలో ఆ పాత పెద్దమనిషే “ఇలాంటి ఊళ్ళు రష్యాలో ఎన్నో” అని రాశాడు.

గెలిచాను పిన్నీ. గెలిచాక తెలిసింది, ఓడిపోవడమే నయమని. ఇక్కడివాళ్ళు పల్లెటూళ్ళని చూసి నవ్వారు. మన ఊరు పెతుఖోవ్కాని చూసి నవ్వింది, పెతుఖోవ్కా మన ఊరిని చూసి నవ్వింది. ఒకడు బావమరిదిని చూసి నవ్వాడు, ఇంకొకడు పాత వైద్యుణ్ణి చూసి నవ్వాడు. ఇంతమందిలో తనని తాను చూసుకున్నవాడు ఒక్కడు లేడు. నువ్వు కూడా హరితీనా ఫోమినిష్నా అన్నావు. సరే, ఆ సంగతి వదిలెయ్. ఎవరికి వాళ్ళు పక్కింటివాణ్ణి చూసి నవ్వుకోవడానికి నా నాటకం దేనికి? ఆ పని జనం టీ తాగుతూ రోజూ చేసుకుంటూనే ఉన్నారు.

అందుకే నిశ్చయించుకున్నాను. జనవరి ఆఖరున ఉప్పు శాఖలో సంతకం పెడతాను. నువ్వు కోరుకున్న రెండు వరుసల బొత్తాలు నీకు దక్కుతాయి. సంతోషించు.

నీ
ప్లతోన్


కోజ్లోబ్రోద్,
1859 జనవరి 12

ప్లతోన్,

ఈ ఉత్తరం తపాలాకి ఇవ్వడం లేదు, మన ఊరి చర్మాల వ్యాపారి స్లెడ్జిలో పీటర్స్‌బర్గ్ వస్తుంటే అతని చేతికిస్తున్నాను. నీకు తొందరగా అందాలి. చదివేదాకా దేని మీదా సంతకం పెట్టకు.

నీకు ఒక సంగతి రాయలేదు. రెండో ఆట నాడు ఆ వితంతువు పళ్ళెంతో రాగానే హరితీనా నన్ను మోచేత్తో పొడిచి, “ఇదిగో అగ్రఫేనా, అచ్చం నువ్వే వచ్చావు!” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. “నేనా? అద్దంలో మొహం చూసుకున్నావా ఎప్పుడైనా?” అన్నాను. ఆ మాట ఈ మాట పెరిగింది. క్రిస్మస్‌కి కూడా మాట్లాడుకోలేదు.

మొన్న పొద్దున్న కుమ్మరి వీధిలో మళ్ళీ మంట. చాకలి ఉస్తీన్యా వాళ్ళ కొట్టం అంటుకుంది. దళం వెంటనే వచ్చింది, నిజం చెబుతున్నాను. పీపా మూత తెరిచారు. దోసకాయలు లేవురా ఈసారి. నిండా నీళ్ళు! కానీ జనవరి కదా, అడుగుదాకా గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. గొడ్డలితో కొట్టినా పగల్లేదు. ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు ఆ పీపా చుట్టూ తిరుగుతూ, “నింపించానే! నేనే దగ్గరుండి నింపించానే!” అని అరుస్తున్నారు. ఇరుగుపొరుగువాళ్ళే పారలతో మంచు విసిరి మంట అణిచారు.

నేను ఆ వేళకి రొట్టెలు దించుతున్నాను. పట్టణాధికారి మంట దగ్గరే, మన వీధి చివర నిలబడ్డారని విన్నాను. ఇంకేముంది, వేడి వేడిగా పళ్ళెంలో సర్దుకుని, మంచి శాలువా కప్పుకుని పరుగెత్తాను. జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరకి చేరాను. ఎవరో మంచు నిండిన పారతో నాకు అడ్డొచ్చాడు. అప్పుడు నా నోటి వెంట వచ్చింది. “ఉండండయ్యా, ముందు అయ్యగారిని తిననీయండి, మంట ఎక్కడికీ పోదు!”

నా గొంతే. నా మాటే. చిన్నప్పటి నుంచి నువ్వు నా వంటింట్లో విన్న మాటే కాబోలు.

పారవాడు నా వంక చూశాడు. నవ్వలేదు. ఉస్తీన్యా చంకలో బట్టల మూటతో, ఒట్టి కాళ్ళతో మంచులో నిలబడి ఉంది. అది పళ్ళెం వంక చూసింది. అప్పటికే ఎవ్సిగ్నేయ్ కార్పిచ్ గారు ఏ రొట్టె పెద్దదో చూసుకుని చెయ్యి చాచారు. నాకు సిగ్గేసింది ప్లతోషా. దాంతోపాటు నవ్వు కూడా వచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. పళ్ళెం ఆయన చేతి కిందనుంచి లాగేసుకుని, వెనక్కి తిరిగి ఉస్తీన్యా దగ్గరకి వెళ్ళాను. ఆయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. శాలువా దాని కాళ్ళకి చుట్టాను. ఇప్పుడు మన ఇంట్లోనే ఉంటోంది. గురక పెడుతుంది గాని మనిషి మంచిది.

ఆ సాయంత్రమే హరితీనా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, “నువ్వన్నది నిజమే. ఆ వితంతువు నేనే” అన్నాను. ఆమె మొహం తెల్లగా అయిపోయింది. లోపలికి లాగి తలుపు వేసి, “ఏమంటున్నావు అగ్రఫేనా? అది నేను కాదూ? మొదటి ఆట నాడే గుర్తుపట్టి చచ్చిపోయాననుకో! ఎవరైనా నన్ను పోల్చుకుంటారేమోనని ముందే నిన్ను పొడిచాను!” అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. తరవాత ఆ వితంతువు నేనంటే నేనని మళ్ళీ కొట్లాడుకున్నాం. ఇంకా తేలలేదు. నువ్వు రాసేటప్పుడు తేల్చు.

ఇప్పుడు చెప్పు. ఒక్కడూ తనని చూసుకోలేదన్నావు. అందరికంటే గట్టిగా ఎవరు నవ్వారో గుర్తుందా? పెతుఖోవ్కా, పెతుఖోవ్కా అని కళ్ళనీళ్ళు కార్చుకున్న ఆ మనిషి ఇంటికి వెళ్ళి ఏం చేశాడు? పీపాలో దోసకాయలు తీయించి నీళ్ళు పోయించాడు. ఎవరూ చెప్పలేదు, గవర్నరూ రాలేదు. ఎందుకు పోయించాడు మరి? నీ నాటకం చూసి పోయించాడు. గడ్డకట్టింది, నిజమే. దానికి నువ్వేం చేస్తావు, అది చలి చేసిన పని. జనం పక్కవాడి పేరు చెప్పి నవ్వారంటే తమని చూసుకోలేదని కాదురా పిచ్చివాడా. చూసుకున్నారు. నలుగురిలో ఒప్పుకోలేక నవ్వారు.

ఉప్పు శాఖవాళ్ళకి వద్దని చెప్పు. నేనే చేరమన్నాను, నేనే వద్దంటున్నాను. బొత్తాలు కావాలంటే నీ పాత కోటుకే ఇంకో వరుస కుట్టి పంపిస్తాను. కూర్చుని రాయి. నన్ను మళ్ళీ పెట్టు. ఈసారి ఎవరా అని జనం వెతుక్కోకుండా పేరు పెట్టే రాయి, నేనేమీ అనుకోను.

నీ
అగ్రఫేనా సిలీచ్నా


పీటర్స్‌బర్గ్,
జనవరి 24

పిన్నీ,

వద్దని చెప్పి వచ్చాను. ఉప్పు శాఖలో పై అధికారి కళ్ళజోడు తీసి, “ఎందుకయ్యా? నీ నాటకం మాత్రం ఎన్నాళ్ళు చూస్తారు జనం?” అన్నాడు. “జనం సంగతి తెలియదండీ, మా పిన్ని చూసింది” అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నేనూ వివరించలేదు, దారిలోనే కాగితం కొనుక్కుని ఇంటికి వచ్చాను.

కొత్త నాటకం మొదలుపెట్టాను. మొదటి రంగం గడగడా వచ్చేసింది. మండుతున్న కొట్టం, అరిచే అధికారి, చాచిన చెయ్యి, పళ్ళెంతో ఒక ఆడమనిషి. అంతవరకు నాకు తెలుసు. ఆమె ఏమంటుందో, ఎలా నడుస్తుందో, ఎవరిని ఎలా తోసుకుంటుందో అన్నీ తెలుసు. ఆ తరవాత ఆమె వెనక్కి తిరగాలి. అక్కడ కలం ఆగిపోయింది. మూడు రోజులుగా అక్కడే కూర్చున్నాను.

ఇన్నేళ్ళూ మనుషులు ఎలా తప్పు చేస్తారా అని కళ్ళు చించుకుని చూశాను గాని, ఎలా తిరుగుతారో ఒక్కసారీ చూడలేదు పిన్నీ. ఆ పళ్ళెం లాక్కుని వెనక్కి తిరిగినప్పుడు నువ్వేమనుకున్నావు? ముందు ఏ కాలు కదిపావు? ఉస్తీన్యాతో మొదట ఏ మాట అన్నావు? ఏదీ వదలకుండా రాయి. నాకు తెలియదు, నువ్వే నేర్పాలి.

నీ శిష్యుడు,
ప్లతోషా